హాస్టల్ వైఫై కావాలంటే కాలేజీ సర్టిఫికెట్ వేసుకోవాల్సిందేనా?

సి-బ్లాక్ 214:
మా హాస్టల్లో ఈ సెమిస్టర్ నుంచి కొత్త రూల్. కాలేజీ ఫైర్‌వాల్ (నెట్ రాకపోకల్ని వడపోసే పెట్టె) సర్టిఫికెట్‌ను ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకుంటేనే వైఫై. "వైరస్‌ల నుంచి మీ రక్షణ కోసమే" అని నోటీసు పెట్టారు. వేసుకున్నాక బ్యాంకు సైటులో తాళం గుర్తు నొక్కి చూశా. సర్టిఫికెట్ ఇచ్చినవారి పేరు దగ్గర మా ఫైర్‌వాల్ పేరుంది! అంటే బ్యాంకుకీ నాకూ మధ్య నడిచేదాన్ని అది విప్పి చూస్తోందన్నమాట. ఇది రక్షణా, నిఘానా?

పాతకాపు:
ఒకప్పుడు క్యాంపస్ నెట్‌వర్క్ చూసినవాణ్ణి, మా బాధా వినండి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వానాక్రై వైరస్ వచ్చింది. దాన్ని ఆపే విండోస్ అప్‌డేట్ మార్చిలోనే వచ్చేసింది, వేసుకోనివాళ్లే దొరికిపోయారు. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ తగిలింది. ఎవరూ లింకు నొక్కక్కర్లేదు, విండోస్ ఫైళ్లు పంచుకునే దారి, అంటే 445 పోర్టు, తెరిచి ఉంటే పక్క గదిలోంచి దానంతటదే వచ్చేస్తుంది. ఇక హాస్టల్లో క్రాక్ విండోస్ సంగతి మీకే తెలుసు. దాన్ని కొన్నదానిలా నడిపించే యాక్టివేటర్ ముందు విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆపమంటుంది. ఆపినవాడు మళ్లీ ఆన్ చేయడు. లోపల ఏం పోతోందో చూడకుండా మేమేం పట్టుకోగలం?

వేడిఉప్మా:
అన్నా, మీ ఉదాహరణే మీకు అడ్డం తిరుగుతోంది. పక్క గది నుంచి పక్క గదికి పాకేది గేటు దగ్గరున్న ఫైర్‌వాల్ దాకా వెళ్లనే వెళ్లదు. గేటు దగ్గర వాచ్‌మన్ అందరి జేబులూ తడిమితే గదుల్లో దొంగతనం ఆగుతుందా? దానికి క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చేయాలి. ఒకే వైఫైలో ఉన్నా ఒక ల్యాప్‌టాప్‌కి ఇంకోటి కనబడదు. చాలా యాక్సెస్ పాయింట్లలో అదొక సెట్టింగ్, అంతే.

పాతకాపు:
చేశాం తమ్ముడూ. ల్యాన్ గేమ్స్ పోయాయి, ఫైళ్లు పంచుకునే డీసీ++ పోయిందని వార్డెన్ దగ్గరికి గుంపుగా వెళ్లారు. మర్నాడే తీసేయమన్నారు.

వేడిఉప్మా:
ఆ గుంపులో నేనైనా ఉండేవాణ్ణే, ఒప్పుకుంటా :) కానీ 2015లో లెనోవో ల్యాప్‌టాప్‌లలో బయటపడ్డ ప్రకటనల సాఫ్ట్‌వేర్ సూపర్‌ఫిష్ గుర్తుందా? అదీ ఇలాంటి సర్టిఫికెట్టే వేసేది. అన్నిట్లో సర్టిఫికెట్లు తయారుచేసే ఒకే రహస్య తాళంచెవి, దాన్ని బయటివాళ్లు లాగేశారు. రేపు కాలేజీ తాళంచెవి బయటికి పోతే?

అమ్మలు_ఈసీఈ:
మధ్యలో నా డౌట్. ఫోన్‌లో కూడా సర్టిఫికెట్ వేశా, అయినా ఈ వైఫైలో పేమెంట్ యాప్ తెరుచుకోవట్లేదు. మెస్ బిల్లు కట్టాలంటే మేడెక్కి డేటా ఆన్ చేస్తున్నా.

వేడిఉప్మా:
ఆండ్రాయిడ్ 7 నుంచి, మనం చేత్తో వేసిన సర్టిఫికెట్లను యాప్‌లు మామూలుగా నమ్మవు. అందుకే. ఫోనే వద్దంటున్నదాన్ని ల్యాప్‌టాప్‌లో ఎందుకు నమ్మాలి?

పాతకాపు:
బ్యాంకు, ఆస్పత్రి సైట్లను విప్పి చూడకుండా వదిలేసే జాబితా పెట్టుకోవచ్చు. పెట్టలేదంటే అది బద్ధకం, దాన్ని నేను వెనకేసుకురాను. 214, రాతపూర్వకంగా అడగండి: ఏ సైట్లు వదిలేస్తున్నారు, లాగ్‌లు (ఎవరేం చూశారన్న రికార్డులు) ఎన్నాళ్లుంచుతారు, ఎవరు చూస్తారు.

సి-బ్లాక్ 214:
ఇవాళ అడిగా. "అందరూ వేసుకున్నారు, నీకేంటి ప్రాబ్లం?" అన్నారు. బ్యాంకు పని వరకు ఫోన్ హాట్‌స్పాట్‌తో కానిచ్చేస్తా. పక్క మంచం వాడు మాత్రం ఆఫీస్ క్రాక్ కోసం ఇప్పుడే డిఫెండర్ ఆపుతున్నాడు.