మజ్జిగౌరిలో గౌరి ఎక్కడిది?

‘మజ్జిగౌరి అంటే మజ్జి వారింటి గౌరా?’ అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. ఉత్తరాంధ్రలో మజ్జి ఇంటిపేరు ఉంది కాబట్టి ఆ అనుమానం సహజమే. మాది ఒడిశాలోని రాయగడ, మజ్జిగౌరి అమ్మవారి గుడి ఉన్న ఊరే, అందుకని చెబుతున్నాను.

ఒడియాలో ఆమె మఝిఘరియాణి. మఝి అంటే నడిమి, ఘర అంటే ఇల్లు. నందపురం రాజు మా ఊరి కోట నడుమ ప్రతిష్ఠించిన తల్లి అని స్థలకథ. అచ్చంగా నడిమింటి అమ్మ. మన నోటికి ఒత్తులు బరువు కదా, ఝి కాస్తా జ్జి అయింది, ఘ గ అయింది, చివరి ‘యాణి’ రాలిపోయింది. మిగిలిన ‘గరి’ని తెలుగు చెవి ఊరుకోనివ్వక గౌరిని చేసింది. అంటే ఆ తల్లికి మొక్కుకుని కూతురికి గౌరి అని పెట్టుకుంటే, ఆ పేరులో ఉన్నది ఇల్లు!

సంస్కృత గౌరి మాత్రం రంగు మాట. నల్లని పార్వతి తపస్సు చేసి పసిమి ఛాయ పొందిందని పురాణకథ. ‘అష్టవర్షా భవేద్గౌరీ’ అనే స్మృతిశ్లోకంలో ఎనిమిదేళ్ల పిల్ల గౌరి. పసిదానికి పెళ్లి లెక్కలు కట్టిన ఆ మాట నాకు రుచించదు. ఋగ్వేదం మొదటి మండలంలోని ‘గౌరీర్మిమాయ’ దగ్గర గౌరి అంటే అడవి గేదె. అది వాక్కుకు సంకేతమన్నారు భాష్యకారులు.

మా అమ్మమ్మ గవరమ్మ. చౌక చవక అయినట్టే ఇదీను. మా అమ్మను బడిలో గౌరమ్మ అని చేర్పించబోతే ఒడియా మాస్టారు ‘అమ్మ’ను కోసేసి గౌరీ అని రాసుకున్నారట. కాగితాల్లో గౌరీ, వంటింట్లో గౌరమ్మ. నా ఈడు వాళ్లలో మా వీధిలో ఆ పేరే లేదు, ముసలి పేరని పక్కన పెట్టారు. ఇప్పుడు మా మేనకోడలితో మళ్లీ ఇంట్లోకి వచ్చింది.

వ్యాఖ్య: బాగుంది గానీ, ‘గరి’ గౌరి కావడానికి ఒత్తులు పోవడం ఒక్కటే చాలదు కదండీ?

జవాబు: చాలదండీ. పెళ్లనగానే పసుపు ముద్ద చేసి గౌరమ్మను నిలిపే ఇళ్లు మనవి. ఏ అమ్మవారి పేరులోనైనా ముందు గౌరే వినిపిస్తుంది. మేనకోడలు మూడో తరగతి, ఒడియా కూడబలుక్కుని చదువుతుంది. మొన్న గుడి బోర్డు మీద మ, ఝి, ఘ, రి అంటూ చివరిదాకా వేలు పెట్టి చదివి, ‘మామయ్యా, ఇందులో నా పేరు లేదే’ అంది.