అప్‌డేట్: రైజెన్ 5 5600 ఓవర్‌క్లాకింగ్‌కి తక్కువ ధర బోర్డు (నెల్లూరు)

ఏఎండీ రైజెన్ 5 5600 ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేయడానికి (కంపెనీ పెట్టిన స్పీడు కన్నా ఎక్కువ నడపడానికి) ఏ520 మదర్‌బోర్డు సరిపోతుందా, బి550కి పోవాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. సలహాలిచ్చిన అన్నలందరికీ థ్యాంక్స్. బి550 తీసుకున్నా.

"ఏ520లో మల్టిప్లయర్ (ప్రాసెసర్ స్పీడు పెంచే సెట్టింగు) లాక్, బయాస్ (బోర్డులో ఉండే సెటప్ సాఫ్ట్‌వేర్)లో ఎంత వెతికినా దొరకదు" అని మీలో ఒకరు చెప్పిన మాటతోనే విషయం తేలిపోయింది. అందులో ర్యామ్ స్పీడు పెంచుకోవచ్చు గానీ ప్రాసెసర్ జోలికి పోలేం. ట్రంకు రోడ్డు షాపాయన కూడా బోర్డు నా ముందు పెట్టి సాకెట్ పక్కన వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం) మీదున్న అల్యూమినియం హీట్‌సింక్ చూపించాడు. అది లేకుండా మోస్‌ఫెట్లు (వీఆర్‌ఎంలో వేడెక్కే చిప్‌లు) బోసిగా కనపడే బోర్డు మన కత్తెర ఎండలకి వద్దన్నాడు.

ఇప్పుడు పీబీఓ (ప్రాసెసర్ తనంతట తానే స్పీడు పెంచుకునే హద్దుని పెంచే సెట్టింగు) +200 మెగాహెర్ట్జ్, కర్వ్ ఆప్టిమైజర్ (వోల్టేజీ తగ్గించే సెట్టింగు) మైనస్ 15. 4.45 దగ్గర ఆగే బూస్ట్ 4.65 గిగాహెర్ట్జ్ దాకా పోతోంది. అన్ని కోర్లకీ ఒకటే స్పీడు పెట్టి చూశా, వేడి తప్ప లాభం లేదు. డబ్బాలో వచ్చిన కూలర్‌తో సినిబెంచ్ (ప్రాసెసర్‌ని పరీక్షించే సాఫ్ట్‌వేర్)లో 90 డిగ్రీలు కొట్టి స్పీడు పడిపోయేది. మామూలు టవర్ కూలర్ పెట్టాక 80 లోపే, అదీ ఏసీ లేని గదిలో.

లిక్విడ్ కూలర్, ఇంకా పెద్ద ఎక్స్570 బోర్డు, పెద్ద ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) ఏవీ అక్కర్లేకపోయాయి. పాత 550 వాట్లదే నడుస్తోంది.

బి450 (బి550కి ముందు తరం బోర్డు) కొనేవాళ్ళు మాత్రం షాపులోనే బయాస్ అప్‌డేట్ చేయించుకోండి. పాత స్టాకైతే 5600 పెడితే డిస్‌ప్లేనే రాదు.