పాంక్రియాస్ తలలో గడ్డ: ఎఫ్‌ఎన్‌ఏలో (సన్న సూదితో కణాలు తీసే పరీక్షలో) రక్తమే వచ్చింది, మళ్లీ ఎలా చేయాలి?

ప్రశ్న:
పాంక్రియాస్ తలభాగంలో 3 సెం.మీ. గడ్డ, చుట్టూ రాళ్లతో పాత పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ వాపు). కామెర్లున్నాయి, పిత్తనాళంలో స్టెంట్ (గొట్టం) ఇంకా వేయలేదు. గడ్డ ఎస్‌ఎంవీని (పేగుల నుంచి వచ్చే పెద్ద సిరను) ఆనుకుని ఉండటంతో సర్జన్లు ముందు కీమో అంటున్నారు. ఈయూఎస్‌లో (ఎండోస్కోప్ కొసనున్న అల్ట్రాసౌండ్‌తో చూస్తూ) 25 గేజ్ సూదితో తీస్తే "రక్తం, కొద్దిపాటి కణాలు, నిర్ధారణకు చాలవు" అని రిపోర్టు. స్లైడు అక్కడికక్కడే చూసే సైటాలజిస్టు మాకు లేరు. ఈసారి సీటీ గైడెడ్ బయాప్సీకి (స్కాన్‌లో చూస్తూ బయటి నుంచి గుచ్చడానికి) వెళ్లాలా?

జవాబు 1:
ఇప్పుడే వద్దు సార్. ముందు 22 గేజ్ ఎఫ్‌ఎన్‌బీ సూది (కణాలే కాక కణజాలపు ముక్క తీసేది), కొస ఫ్రాన్సీన్ లేదా ఫోర్క్ టిప్ రకం, వాడి చూడండి. సైటాలజిస్టు లేనిచోట కోర్ ముక్కే దిక్కు. డాప్లర్ (రక్తప్రవాహం చూపే అల్ట్రాసౌండ్) పెట్టి దారిలో రక్తనాళం లేదని చూసుకున్నాకే గుచ్చండి. లోపల ఒకే గీతలో ఆడించకుండా దిశ మారుస్తూ నాలుగు చోట్ల, చోటుకి నాలుగేసి సార్లు ఆడించండి. ఆ సమయంలో టెక్నీషియన్ స్టైలెట్‌ను (సూది లోపలి తీగను) నెమ్మదిగా వెనక్కి లాగుతుండాలి. 20 మి.లీ. సిరంజితో గట్టిగా పీలిస్తే మీకు వచ్చినట్టే రక్తం వస్తుంది. మధ్యలో నల్లగా కుళ్లినట్టుంటే అంచు నుంచి తీయండి. మూడు పాస్‌లు (సూది గుచ్చి తీయడం మూడుసార్లు) చేయండి.

స్కోప్ బాగా వంగి ఉండగా సూదిని బలవంతంగా నెట్టొద్దు. షీత్ (సూది తొడుగు) కొస తెరమీద కనిపించాకే సూది బయటకు రావాలి, లేదంటే స్కోప్ చానెల్‌కే చిల్లు పడుతుంది.

జవాబు 2 (పాథాలజీ):
ముక్కను గాజు పలక మీదకు తోసి చూడండి. ఎర్రటి రక్తపు గడ్డ అంతా కణజాలం కాదు, తెల్లటి పోగు కావాలి. అది 4 మి.మీ.కు తక్కువైతే ఇంకో పాస్ చేయండి. పొడి గాజ్ మీద ఉంచకుండా వెంటనే 10 శాతం ఫార్మలిన్‌లో వేయండి. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) అనుమానముంటే ఒక పాస్ విడిగా సెలైన్‌లో, ఫ్లో సైటోమెట్రీకి (కణాల రకం తేల్చే పరీక్షకు). ఫారంలో "రాళ్ల పాంక్రియాటైటిస్ ఉంది" అని తప్పక రాయండి: వాపుతో మారిన నాళ కణాలు క్యాన్సర్‌ను పోలి ఉంటాయి. ఐజీజీ4 స్టెయిన్ (క్యాన్సర్‌లా కనిపించే ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్‌ను పట్టడానికి) కూడా అడగండి.

జవాబు 3:
స్టెంట్ కంటే ముందే బయాప్సీ చేయండి, స్టెంట్ నీడ గడ్డను కప్పేస్తుంది. కామెర్ల వల్ల ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడాన్ని చూపే కొలత, పెరిగితే రక్తస్రావ ముప్పు) పెరిగి ఉండొచ్చు, 1.5 దాటితే విటమిన్ కె ఇచ్చి సరిచేశాకే చేయాలి. లివర్‌లో మచ్చ ఉంటే దాన్నే గుచ్చడం మేలు, స్టేజి కూడా తేలిపోతుంది. ఇంకొకటి: ఈసారీ నెగెటివ్ వస్తే క్యాన్సర్ లేదని రాయకండి. రాళ్లున్న పాంక్రియాస్‌లో బయాప్సీ గురి తప్పడం ఎక్కువ. సీఏ 19-9ను (పాంక్రియాస్ క్యాన్సర్‌లో పెరిగే రక్తపరీక్షను) కామెర్లు తగ్గాకే లెక్కలోకి తీసుకోండి, అనుమానం పోకపోతే బయాప్సీ మళ్లీ చేయండి.