టెక్సాస్ నుంచి కాలిఫోర్నియాకు కారులో వెళ్తున్నా, ఈ కత్తులు తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న (డెంటన్, టెక్సాస్)
అన్నలకు, అక్కలకు నమస్తే. ఎంఎస్ అయిపోయింది, శాన్ హోసేలో ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం సామానంతా కారులో వేసుకుని బయల్దేరుతున్నా. అందులో వంటింటి కత్తుల సెట్టు, అమ్మ పంపిన కత్తిపీట, క్యాంపింగ్‌కి కొన్న ఆరంగుళాల కత్తి (మడిచేది కాదు, ఒర ఉంది) ఉన్నాయి. ఇంకోటి బటన్ నొక్కితే టక్కున తెరుచుకునేది, బ్లేడు మూడంగుళాలు. రెండేళ్లుగా జేబులోనే ఉంటోంది, ఎవరూ ఏమీ అనలేదు. కాలిఫోర్నియాలో పట్టుకుంటారని రూమ్మేట్ భయపెడుతున్నాడు. ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉన్నా, అందుకే టెన్షన్.

డాలస్ నుంచి
తమ్ముడూ, ఎవరూ ఏమీ అనకపోవడానికి కారణం ఉంది. టెక్సాస్‌లో బటన్ కత్తుల మీద నిషేధం 2013లోనే తీసేశారు. 2017 సెప్టెంబరు 1 నుంచి పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు బాకు అయినా వెంట ఉంచుకోవచ్చు. కాకపోతే బ్లేడు 5.5 అంగుళాలు దాటితే బడి, కాలేజీ, కోర్టు, ఆసుపత్రి, బార్ లాంటి చోట్లకు తీసుకెళ్లకూడదు. నీ క్యాంపింగ్ కత్తి ఆ లెక్కలోకే వస్తుంది. క్యాంపస్‌కి బ్యాగులో పెట్టుకుని వెళ్లలేదు కదా?

హ్యూస్టన్ నుంచి
ఇంత ఆలోచించక్కర్లేదు బ్రో. కనపడితేనే గొడవ. క్యాంపింగ్‌కి వెళ్లేటప్పుడు చొక్కా కింద దోపుకో, అయిపోతుంది.

శాన్ హోసే నుంచి
పైన చెప్పింది మాత్రం చేయకు తమ్ముడూ! కాలిఫోర్నియాలో దాచడమే అసలు నేరం. మడవని కత్తి, పొడవడానికి పనికొచ్చేది ఏదైనా సరే, ఒంటిమీద దాచుకుంటే ఇక్కడి చట్టం దాన్ని బాకు కిందే లెక్కేస్తుంది. కూరగాయల కత్తి అయినా అంతే. ఫెలనీ (తీవ్రమైన నేరం) దాకా వెళ్లొచ్చు. ‘ఎవర్నీ పొడవాలని కాదు సార్’ అంటే సరిపోదు. ఆ ఉద్దేశం లేకపోయినా నేరమేనని ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. అదే కత్తిని ఒరలో పెట్టి, నడుముకు బయటికి కనపడేలా వేలాడదీస్తే దాచినట్టు కాదు. మన ఊళ్లో నడుముకు కత్తి కనపడితే జనం పక్కకు తప్పుకుంటారు. ఇక్కడ కనపడకపోతే పోలీసులు పట్టుకుంటారు.

మామూలు మడత కత్తి మడిచి జేబులో వేసుకుంటే ఇబ్బంది లేదు. బటన్ కత్తి సంగతి వేరు. బ్లేడు రెండంగుళాలు లేదా అంతకన్నా ఎక్కువుంటే ఒంటిమీద ఉంచుకోకూడదు, బయట తిరిగేటప్పుడు కారులో మనుషులు కూర్చునే భాగంలో పెట్టకూడదు, ఇక్కడ ఎవరికీ అమ్మకూడదు, ఊరికే ఇవ్వనూ కూడదు. నీది మూడంగుళాలు. దాన్ని టెక్సాస్‌లోనే వదిలించుకుని రా. మధ్యలో వేరే రాష్ట్రాలు కూడా దాటాలి, వాటి గొడవా ఉండదు.

వంటింటి కత్తులు, కత్తిపీట అట్టపెట్టెలో గట్టిగా ప్యాక్ చేసి డిక్కీలో పెట్టు. కత్తిపీటను ఎవరూ నడుముకు కట్టుకోరులే. క్యాంపింగ్ కత్తి కూడా అందులోనే పెట్టు. ఇక్కడికొచ్చాక ఏ యూనివర్సిటీలోనో ఉన్న ఫ్రెండ్ దగ్గరికి వెళ్తే మాత్రం దాన్ని తీసుకెళ్లకు. క్యాంపస్‌లో మడవని కత్తి రెండున్నర అంగుళాలు దాటకూడదు. హాస్టల్లో వంటకు వాడుకునే కత్తికి మినహాయింపు ఉంది.

లాస్ ఏంజెలెస్ నుంచి
ఒక్క మాట కలుపుతా. శాన్ హోసే అక్క చెప్పింది రాష్ట్ర చట్టం. నగరాలకు విడిగా నిబంధనలు ఉంటాయి. మా ఎల్ఏలో మూడంగుళాలు, ఆపైన బ్లేడున్న కత్తిని బయటికి కనపడేలా పెట్టుకోకూడదు. దాచితే రాష్ట్రం ఊరుకోదు, చూపిస్తే నగరం ఊరుకోదు! ఇటు వస్తే నీ క్యాంపింగ్ కత్తి డిక్కీ దాటకూడదు. టెక్సాస్‌లో ఈ తలనొప్పి లేదు, నగరాలు రాష్ట్రాన్ని మించి కత్తుల మీద ఆంక్షలు పెట్టకుండా 2015లో చట్టం చేశారు.

డాలస్ నుంచి
వీసా మాట ఎవరూ ఎత్తలేదు. కేసు కొట్టేసినా అరెస్టు అయిన మాట పోదు. రేపు వీసా స్టాంపింగ్‌కి వెళ్తే డీఎస్ 160 (వీసా దరఖాస్తు ఫారం)లో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అనే అడుగుతారు, శిక్ష పడిందా లేదా అన్నది తర్వాత. అరెస్టు మీదే వీసా రద్దయినవాళ్లు కూడా ఉన్నారు. దారిలో పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీదే ఉంచు, అడక్కుండా డిక్కీ తెరవడానికి దిగకు. ఏదైనా కేసు అయితే మాత్రం ఇలా గ్రూపులో అడగొద్దు, క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌కీ ఫోన్ చెయ్.

అడిగిన వ్యక్తి
అక్కకూ అన్నలకూ థాంక్స్. క్యాంపస్‌కి ఎప్పుడూ తీసుకెళ్లలేదు అన్నా. కత్తిపీటకి అమ్మ పాత చీర చుట్టి డిక్కీ అడుగున పెట్టేశా, పైన రైస్ కుక్కర్. బటన్ కత్తి రూమ్మేట్‌కి ఇచ్చేశా. వాడు ఇక్కడే ఉంటాడు. ఎందుకు భయపెట్టాడో ఇప్పుడు అర్థమవుతోంది.