అప్‌డేట్: షార్ట్‌వేవ్ గోల తగ్గింది, స్టేషన్లు దొరుకుతున్నాయి

కొత్త పోర్టబుల్ రేడియోలో షార్ట్‌వేవ్ (దూరపు స్టేషన్లు వినిపించే బ్యాండ్లు) పెడితే గురగుర తప్ప ఏమీ రావట్లేదు, సెట్ వెనక్కి ఇచ్చేయాలా అని అడిగాను కదా. అక్కర్లేదు. సెట్ బాగానే ఉంది, గోలంతా విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఫ్లాట్‌దే.

మీరు చెప్పినట్టు ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద పెడితే సగం తగ్గింది. తర్వాత ఎల్‌ఈడీ బల్బులు ఒక్కొక్కటే ఆర్పుతూ విన్నాను. అసలు దొంగ టీవీ వెనకున్న వైఫై అడాప్టర్! అది తీయగానే 49 మీటర్ల బ్యాండ్ (6 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) తేటపడింది. బాల్కనీలో ఐదారు మీటర్ల వైరు కట్టి యాంటెన్నా జాక్‌కి కలిపాను. సముద్రపు గాలికి చిలుము పట్టకుండా అతుకు మీద టేపు చుట్టాను. ఉరుములొస్తే మాత్రం వైరు పీకేయాల్సిందే.

చీకటి పడ్డాక 6, 7 మెగాహెర్ట్జ్ దగ్గర, పగలు 15 దగ్గర వెతకండి. హామ్‌ల (సరదా కోసం లైసెన్సుతో రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) మాటలు మామూలుగా బాతు అరుపులా ఉంటాయి; 7.1 దగ్గర ఎల్‌ఎస్‌బీ (వాళ్లు వాడే లోయర్ సైడ్‌బ్యాండ్ పద్ధతి) బటన్ నొక్కి, ఫైన్ ట్యూనింగ్ మెల్లగా తిప్పితే మాట కుదురుకుంటుంది. ఈ సెట్‌లో నాకు బాగా నచ్చింది అదే.

మీడియం వేవ్ స్టెప్ (ట్యూనింగ్ ఒక్కోసారి ఎంత జరగాలన్నది) 10 నుంచి 9 కిలోహెర్ట్జ్‌కి మార్చాక ఆకాశవాణి విశాఖ 927 మీద సరిగ్గా కూర్చుంది. దానికి ఏరియల్ లాగి లాభం లేదు, లోపల దాని యాంటెన్నాగా ఫెర్రైట్ రాడ్ ఉంటుంది కాబట్టి సెట్‌నే అటూ ఇటూ తిప్పాలి.

ఇక లిఫ్ట్ కదిలినప్పుడల్లా వచ్చే టకటక ఒక్కటే మిగిలింది. దానికెవరి దగ్గరైనా మందుంటే చెప్పండి.