అప్‌డేట్: పార్సిల్‌లో వచ్చిన కోడిపిల్లలను మా నాటు పెట్ట దగ్గరికి తీసుకుంది

పొదుగుతున్న మా పెట్ట కింద గుడ్లన్నీ మురిగిపోయాయి, హేచరీ నుంచి వచ్చే వనరాజా రకం కోడిపిల్లలను అది సాకుతుందా అని అడిగాను కదా. సాకుతోంది! సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. డబ్బా తిరుపతిలో తీసుకుని ఇంటికి రాగానే బల్బు కింద పెట్టి, ఒక్కో పిల్ల ముక్కు బెల్లం నీళ్లలో ముంచి తాగించాం. కడుపులో మిగిలిన పచ్చసొనతో రెండు మూడు రోజులు బతుకుతాయి గానీ, ప్రయాణంలో దప్పికతో నీరసపడతాయి. నీళ్లు తాగించడం మాత్రం ఎవరూ వదిలిపెట్టకండి.

బాగా చీకటి పడ్డాక, లైటు వేయకుండా, వెనక నుంచి చెయ్యి పోనిచ్చి ఒక గుడ్డు తీయడం, ఒక పిల్లను పెట్టడం. మొదటిది కిచకిచమనగానే పెట్ట ఈకలు నిక్కబొడుచుకుంది. పొడుస్తుందేమోనని భలే టెన్షన్ పడ్డాను. కాసేపటికి గొంతులో సన్నగా కొక్ కొక్ అంటూ రెక్క సడలించింది. దాంతో మిగతావీ పెట్టేశాను. తెల్లారి చూస్తే నూకలు ముక్కుతో తీసి కింద వేస్తూ పిల్లలను పిలుస్తోంది. కుక్క వస్తే ఎగిరి మీదికి పోతోంది.

ఒక్క పిల్ల దారిలోనే నీరసించి చనిపోయింది, అదే బాధ.

ఏడో రోజుకు లసోటా (కొక్కెర తెగులు రాకుండా వేసే టీకా) చుక్కలు వేయించాలి. కలిపిన మందు నిల్వ ఉండదు కాబట్టి పక్కింటి కోడిపిల్లలకూ అదే పూట వేయిస్తున్నాం.