మాల్దీవుల సీప్లేన్‌కి లగేజీ ఎలా సర్దాలి?

హైదరాబాద్ నుంచి మాలే దాకా టికెట్‌లో చెకిన్ 30 కిలోలు ఉంది. అక్కణ్ణుంచి రిసార్ట్‌కి సీప్లేన్, అంటే నీటి మీద దిగే విమానం. అందులో మనిషికి చెకిన్ 20, చేతిసంచి 5 కిలోలే. మించితే కిలో లెక్కన కట్టాలి. చిన్న ట్విన్ ఆటర్ విమానం కదా, బరువెక్కువైతే కొన్ని పెట్టెలు తర్వాతి ట్రిప్పుకి ఆపేస్తారు. చీకటి పడితే సీప్లేన్లు ఎగరవు, కాబట్టి సాయంత్రం ఆగిన పెట్టె మర్నాడే. అందుకే మందులు, ఒక జత బట్టలు, ఈత దుస్తులు చేతిసంచిలోనే. పవర్ బ్యాంకు ఎలాగూ చెకిన్‌లో వేయకూడదు. ఆవకాయ సీసా మాత్రం చెకిన్‌లోకే, నూనెతో సెక్యూరిటీ దగ్గర పేచీ.

తెలిసినవాళ్లు చెప్పండి: భార్యాభర్తల బరువు కలిపి 40గా చూస్తారా, విడివిడిగానా? మిగిలిన పెట్టె మాలే ఎయిర్‌పోర్టు లగేజీ గదిలో వదిలితే రోజుకెంత? గట్టి సూట్‌కేసు బరువే నాలుగు కిలోలు తినేస్తోంది, మెత్తటి బ్యాగు ఉప్పునీటి తుంపరకి ఆగుతుందా?